నెట్ దగ్గర మనిషిని చూడండి

లియాండర్ పేస్ మన గడ్డమీద చివరి టోర్నీ ఆడింది 2020 ఫిబ్రవరిలో, బెంగళూరు కబ్బన్ పార్కులో ఉన్న కర్ణాటక రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం స్టేడియంలో. అప్పటికి అతని వయసు 46. పద్దెనిమిది గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచినవాడు బెంగళూరు ఓపెన్ అనే చాలెంజర్ టోర్నీలో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ ఎబ్డెన్‌తో జోడీ కట్టి ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ పురవ్ రాజా, రామ్‌కుమార్ రామనాథన్ ఆ జోడీని 6-0, 6-3తో ఓడించారు. పేస్‌కు వీడ్కోలు చెప్పిన సాయంత్రంగానే ఆ ఫైనల్‌ను అందరూ గుర్తుంచుకున్నారు. ఓడిన జోడీలో రెండో మనిషి సంగతి మాత్రం అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు.

ఎబ్డెన్ 2022లో వింబుల్డన్ డబుల్స్ గెలిచాడు. 2024 జనవరిలో మన రోహన్ బోపన్నతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది పారిస్‌లో జాన్ పీర్స్‌తో కలిసి ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు. వింబుల్డన్‌లో అతని పక్కన ఆడిన మాక్స్ పర్సెల్ కూడా కబ్బన్ పార్కుకు కొత్తవాడేం కాదు. 2018లో ల్యూక్ సావిల్‌తో కలిసి అక్కడ డబుల్స్ టైటిల్ గెలిచాడు. ఆ పర్సెల్-సావిల్ జోడీయే 2020లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. 2023లో పర్సెల్ మళ్లీ బెంగళూరు వచ్చి ఈసారి సింగిల్స్ టైటిల్ పట్టుకుపోయాడు.

ఈ పేర్లన్నీ వరసగా చెప్పడానికి కారణం ఉంది. చాలెంజర్ అనగానే రెండో శ్రేణి అంటాం. అందులోనూ డబుల్స్ అనగానే ఖాళీ కుర్చీల మధ్య, సింగిల్స్ అయ్యాక జరిగే ఆట అనుకుంటాం. నా దృష్టిలో డబుల్స్ అనే విద్యను ఇవాళ నేర్చుకుంటున్నదీ, అది పదునెక్కుతున్నదీ అక్కడే. ఆ విద్యను చూడటం తెలిస్తే చాలెంజర్ వారంలో మధ్యాహ్నం మూడింటికి పక్క కోర్టులో జరిగే తొలి రౌండ్ డబుల్స్ మ్యాచ్ కూడా మనల్ని కదలనివ్వదు.

పురుషుల టెన్నిస్‌లో ఏటీపీ టూర్‌కు ఒక మెట్టు కింద ఉండేది చాలెంజర్ టూర్. 1978 నుంచి నడుస్తోంది. టోర్నీలకు 50, 75, 100, 125, 175 అని స్థాయిలు. ఆ అంకెలే విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లు. వంద స్థాయి టోర్నీలో సింగిల్స్ గెలిచినవాడికి వంద పాయింట్లు వస్తే, డబుల్స్ గెలిచిన ఇద్దరికీ చెరో వంద వస్తాయి. పాయింట్లలో వివక్ష లేదు. డబ్బులో ఉంది. మొత్తం ప్రైజ్‌మనీలో డబుల్స్ వాటా చాలా తక్కువ, ఆ తక్కువను మళ్లీ ఇద్దరు పంచుకోవాలి. మన దేశంలో ఈ టోర్నీలు ఏడాది మొదట్లో గుంపుగా వస్తాయి. 2024 ఫిబ్రవరిలో చెన్నై, బెంగళూరు, పుణె ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

డబుల్స్ డ్రాలో సాధారణంగా 16 జోడీలు. నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్. ఆ పదహారు జోడీల్లో రకరకాల మనుషులుంటారు. సింగిల్స్ వదిలేసి డబుల్స్‌నే వృత్తిగా చేసుకున్నవాళ్లు కొందరు. ఏడాది పొడవునా ఒకే భాగస్వామితో తిరుగుతారు, ఒకరి సర్వీస్ బంతి ఎగరేసే తీరు చూసి ఎటు కొడతాడో మరొకరు చెప్పగలరు. ఇంకొందరు అసలు సింగిల్స్ ఆటగాళ్లు. మ్యాచ్ ప్రాక్టీస్ కోసమో, నాలుగు డాలర్లు కలిసొస్తాయనో జోడీ కడతారు. సింగిల్స్‌లో సెమీస్ దాకా పోతే ఒళ్లు అలసి డబుల్స్ నుంచి తప్పుకోవడమూ ఉంటుంది. వైల్డ్‌కార్డ్ దొరికిన స్థానిక కుర్రాళ్లు ఉంటారు. ఇక నిన్న సాయంత్రం ఫోన్ సందేశంతో కుదిరి, ఇవాళ కోర్టులో మొదటిసారి పక్కపక్కన నిలబడే జోడీలు. ఇద్దరి ర్యాంకులు కలిపితే వచ్చే మొత్తం మీద డ్రాలో చోటు ఆధారపడుతుంది కాబట్టి, ఎవరితో ఆడాలన్నది స్నేహంతో పాటు లెక్కతో తేలే విషయం కూడా.

ఇలాంటి డ్రాలో ఎక్కువసార్లు గెలిచేది గట్టిగా కొట్టేవాళ్లు కాదు, కలిసి ఆడటం తెలిసినవాళ్లు. సింగిల్స్‌లో తమకంటే వంద ర్యాంకులు పైన ఉన్న ఇద్దరిని డబుల్స్ నిపుణులు గంటలో ఇంటికి పంపడం చాలెంజర్‌లో వింతేం కాదు. ఎందుకు అలా జరుగుతుందో తెలియాలంటే కోర్టు కొలతల దగ్గర మొదలుపెట్టాలి.

సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు రెండు వైపులా నాలుగున్నర అడుగుల చొప్పున కలుస్తాయి, 36 అడుగులవుతుంది. అంటే స్థలం మూడో వంతు పెరిగింది, మనుషులు రెట్టింపయ్యారు. దాంతో ఖాళీ చోటు పక్కల నుంచి మాయమై ఇద్దరి మధ్యకు వచ్చి చేరుతుంది. సింగిల్స్‌లో బంతిని మనిషికి దూరంగా కొట్టాలని నేర్పుతారు. డబుల్స్‌లో ఇద్దరి మధ్య కొట్టడమే చాలాసార్లు మేలు. ఎవరిదా బంతి అని అరక్షణం సందేహం కలిగితే చాలు. నెట్ కూడా మధ్యలోనే కిందికి ఉంటుంది, అక్కడ మూడడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. మధ్యలో కొట్టిన బంతికి పక్కకు తిప్పి కొట్టే కోణం దొరకదు. మంచి జోడీలు ఈ మధ్య బంతి ఎవరిదన్నది ముందే తేల్చుకుంటాయి. సాధారణంగా ఫోర్‌హ్యాండ్ మధ్యకు ఉన్నవాడిది. అది మ్యాచ్ మధ్యలో అడిగి తెలుసుకునే విషయం కాదు.

ఎవరు ఏ వైపు నిలబడాలన్నదీ అంతే. అరక దున్నే రైతుకు ఏ ఎద్దు దాపట కట్టాలో, ఏది వలపట కట్టాలో తెలుసు. మార్చి కడితే రెండూ మంచి ఎద్దులే అయినా చాలు వంకర పోతుంది. డబుల్స్‌లో కుడి వైపు రిటర్న్ చేసేవాడికి నిలకడ కావాలి, ప్రతి గేమ్‌ మొదటి పాయింట్ అతనికే వస్తుంది. ఎడమ వైపు వాడికి తెగువ కావాలి, 30-40, 40-30 లాంటి పాయింట్లన్నీ అతని చేతికే వస్తాయి. ఇద్దరూ ఎడమ వైపుకే అలవాటుపడ్డవాళ్లైతే, ఎంత పేరున్నా జోడీ తొలి వారాల్లో తడబడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. డబుల్స్ చూసేటప్పుడు మన కళ్లు బంతి వెంట పోతాయి. సర్వ్ చేసేవాడి నుంచి రిటర్న్ చేసేవాడికి, మళ్లీ ఇటు. ఆ పాయింట్‌ను నిర్ణయించేవాడు మాత్రం చాలాసార్లు ఇంకా బంతిని తాకని మనిషి. సర్వర్ భాగస్వామి, నెట్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో కొంచెం వంగి నిలబడ్డవాడు. అతని చెయ్యి వెనక్కి, నడుము దగ్గరకు పోతుంది. వేళ్లతో సర్వ్ ఎటు కొట్టాలో చెబుతాడు: పక్కకా, ఒంటి మీదికా, మధ్య గీత మీదికా. తర్వాత పిడికిలి బిగిస్తే ఇక్కడే ఉంటానని, అరచెయ్యి తెరిస్తే అవతలి వైపు దూకుతానని. ఒక్కో జోడీ గుర్తులు ఒక్కోలా ఉంటాయి. సర్వర్ చూశానన్నట్టు ఒక మాట అంటాడు. ఇప్పుడు చాలా జోడీలు గుర్తులతో పాటు, పాయింట్‌కూ పాయింట్‌కూ మధ్య దొరికే 25 సెకన్లలోనే దగ్గరికి వచ్చి, బంతినో రాకెట్‌నో నోటికి అడ్డం పెట్టుకుని రెండు ముక్కలు మాట్లాడుకుంటున్నాయి.

నెట్ దగ్గరివాడు తన వైపు వదిలి, రిటర్న్‌కు అడ్డం వెళ్లి వాలీ కొట్టడాన్ని పోచింగ్ అంటారు. ఇందులో వేగం కంటే సమయం ముఖ్యం. తొందరపడి కదిలితే రిటర్న్ చేసేవాడు చూసి ఖాళీ అయిన పక్కకు కొట్టేస్తాడు. ఆలస్యమైతే బంతి దాటిపోతుంది. రిటర్న్ చేసేవాడి చూపు బంతి మీదికి దిగి, రాకెట్ ముందుకు కదలడం మొదలయ్యే క్షణం ఒకటుంటుంది. అక్కడి నుంచి అతను మనసు మార్చుకోలేడు. నెట్ మనిషి కదలాల్సింది అప్పుడు. అదీ నెట్‌కు సమాంతరంగా కాదు, ఏటవాలుగా నెట్ మీదికి. నెట్‌కు దగ్గరైన కొద్దీ బంతి ఇంకా ఎత్తులో ఉండగా దొరుకుతుంది, కిందికి కొట్టగలుగుతాడు. రాకెట్‌ను వెనక్కి లాగే వ్యవధి లేదు. మణికట్టు గట్టిగా, రాకెట్ ముఖం ఒంటి ముందు, అడుగు బంతి మీదికి. వాలీ అంటే అంతే.

పోచింగ్ విలువను గెలిచిన వాలీలతో కొలిస్తే మోసపోతాం. రెండుసార్లు దూకి, మూడోసారి దూకినట్టు భుజం కదిపి ఆగినవాడు ఎక్కువ పాయింట్లు తాకకుండానే గెలుస్తాడు. రిటర్న్ చేసేవాడి బుర్రలో అతను తిష్ట వేస్తాడు. మామూలుగా ఏ ఇబ్బందీ లేకుండా క్రాస్‌కోర్టు కొట్టేసే రిటర్న్‌ను ఇంకా ఇరుకుగా, ఇంకా కిందుగా కొట్టాలని చూసి నెట్‌కు కొట్టేస్తాడు. స్కోరు షీట్‌లో అది రిటర్న్ చేసినవాడి తప్పుగానే మిగులుతుంది. ఆ తప్పు చేయించినవాడిని చూడటమే డబుల్స్ చూడటం.

అందుకే సర్వ్ కూడా ఇక్కడ వేరే పని చేస్తుంది. సింగిల్స్‌లో పక్కకు కొట్టిన ఏస్‌కు చప్పట్లెక్కువ. డబుల్స్‌లో మధ్య గీత మీదికి, కాస్త వేగం తగ్గినా సరే, మొదటి సర్వ్ లోపల పడటం ముఖ్యం. బంతిని కోర్టు నడిమికి లాగితే అది తిరిగి వచ్చే దారి ఇరుకవుతుంది, నెట్ మనిషికి రెండడుగులు చాలు. పక్కకు కొడితే రిటర్న్‌కు కోణం దొరికి భాగస్వామి చిక్కుల్లో పడతాడు. ఒంటి మీదికి కొట్టే సర్వ్‌ను టీవీలో చూస్తే సాదాగా ఉంటుంది. కోర్టు పక్క నుంచి చూస్తే అది చేసే నష్టం తెలుస్తుంది. చేతులు చాపడానికి చోటివ్వదు, రిటర్న్ పైకి తేలుతుంది, తేలిన బంతి నెట్ మనిషిది.

రిటర్న్ చేసేవాళ్ల దగ్గర కూడా జవాబులున్నాయి. పాత పద్ధతిలో సర్వర్ నెట్‌కు పరుగెత్తుకొచ్చేవాడు కాబట్టి బంతిని అతని కాళ్ల దగ్గర పడేయడం పరమ విద్య. ఇప్పుడు సర్వర్లు చాలామంది వెనకే ఉండిపోతున్నారు. దాంతో నెట్ మనిషి తల మీదుగా లాబ్ ఎత్తడం, మొదట్లోనే ఒకసారి నేరుగా అతని మీదికే కొట్టి కాళ్లకు బంధం వేయడం పెరిగాయి. సర్వీస్ మరీ బలంగా ఉంటే రిటర్న్ జోడీ ఇద్దరూ బేస్‌లైన్ దగ్గరే ఉండిపోతారు. నెట్ దగ్గర కొట్టడానికి లక్ష్యమే లేకుండా చేస్తారు. చూడటానికి పిరికితనంలా ఉన్నా, తెలివైన పని.

నిలబడే తీరుల్లో నాకు ఎక్కువ ఇష్టమైంది ఐ-ఫార్మేషన్. దాన్ని ఒక్క పాయింట్‌లో దగ్గర నుంచి చూద్దాం. సెట్ 4-4, గేమ్ 40-40. చాలెంజర్ డబుల్స్‌లో అడ్వాంటేజ్ లేదు, ఈ ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. ఏ వైపు నుంచి రిటర్న్ చేయాలో ఎంచుకునే హక్కు రిటర్న్ జోడీది. వాళ్లు తల ఊపుకుని ఎడమ వైపు అంటారు. సర్వర్ బేస్‌లైన్ మధ్య గుర్తుకు దగ్గరగా జరుగుతాడు. అతని భాగస్వామి నెట్ దగ్గర కోర్టు నడిమి గీత మీద గొంతుక్కూర్చున్నట్టు వంగిపోతాడు, సర్వ్ తన తల మీదుగా పోవాలి కాబట్టి. ఇప్పుడు రిటర్న్ చేసేవాడికి ఎదురుగా రెండు వైపులా ఖాళీ కనిపిస్తుంది, ఏది నిజమైన ఖాళీయో తెలియదు. నెట్ మనిషి తన ఎడమకు పోతే క్రాస్‌కోర్టు మూసుకుంటుంది, సర్వర్ కుడికి పరుగెత్తి ఆ పక్క కాయాలి. అతను కుడికి పోతే సర్వర్ ఎడమకు. ఎటు పోవాలన్నది వెనక దాచిన వేళ్లలో ఎప్పుడో తేలిపోయింది. సర్వ్ మధ్య గీత మీదికి వస్తుంది. రిటర్న్ చేసేవాడి రాకెట్ ముందుకు కదిలేదాకా వంగిన మనిషి కదలడు. తర్వాత తొడల మీద బలం పెట్టి లేచి ఎడమకు ఒక్క అంగ. బంతి సరిగ్గా అక్కడికే వస్తే వాలీ, గేమ్. రిటర్న్ చేసేవాడు ధైర్యం చేసి గీత వెంట కొట్టినా అక్కడ సర్వర్ ఉన్నాడు. ఇద్దరూ ఒకే వైపు పోయారంటే కోర్టు సగం బోసిపోతుంది, గేమ్ పోతుంది. సర్వ్ కొట్టిన దగ్గర్నుంచి ఇదంతా రెండు సెకన్ల లోపు జరిగిపోతుంది.

పోచింగ్‌కు వెళ్లి బంతి అందక పాయింట్ పోయినప్పుడు వెనకున్నవాడు ఏం చేస్తాడో కూడా గమనించండి. మంచి జోడీలో అతను వెంటనే వచ్చి చెయ్యి కలుపుతాడు. అది మర్యాద కోసం చేసేది కాదు. మళ్లీ దూకడానికి ఆ మనిషికి ధైర్యం మిగలాలి. ఒక్క విసుగు చూపు చాలు, తర్వాతి రెండు గేమ్‌లు అతను నెట్‌కు మేకు కొట్టినట్టు నిలబడిపోతాడు, అవతలి రిటర్న్‌లు హాయిగా పోతాయి.

నో-అడ్వాంటేజ్ పద్ధతి, మూడో సెట్ బదులు పది పాయింట్ల మ్యాచ్ టైబ్రేక్, ఈ రెండూ 2006 నుంచి ఏటీపీ డబుల్స్‌లో నిలదొక్కుకున్నాయి. వాటి వెనక ఒక పోరాటం ఉంది. 2005లో ఏటీపీ డబుల్స్‌ను బాగా కుదించాలని చూసింది. సెట్‌ను అయిదు గేమ్‌లకు తగ్గించడం, రానురాను సింగిల్స్ ఆడేవాళ్లకే డబుల్స్‌లో చోటివ్వడం లాంటి ప్రతిపాదనలు వచ్చాయి. బ్రయాన్ సోదరులు సహా డబుల్స్ ఆటగాళ్లు న్యాయస్థానానికి వెళ్లారు. చివరికి రాజీ కుదిరింది. ఆట చిన్నదైంది, నిపుణులకు చోటు మిగిలింది. ఆ రాజీ నాకు మొదట నచ్చలేదు. అడ్వాంటేజ్‌ల మీద సాగే పొడవాటి గేమ్‌లో ఉన్న రుచి పోయిందనిపించేది. ఇప్పుడు అలా అనిపించదు. చాలెంజర్‌లో ఒక రోజులో సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడాల్సిన కుర్రాళ్లకు ఈ కురచ పద్ధతి లేకపోతే డబుల్స్ ఆడటమే కుదరదు. పైగా ఆ ఒక్క పాయింట్ కోసం జోడీ ముందే ఆలోచించి ఉంచుకోవాల్సిన ఎత్తులు ఆటకు కొత్త లోతు తెచ్చాయి. మూడో సెట్ బదులు ఆడే టైబ్రేక్‌లో పది పాయింట్లు, రెండు తేడా. ఆరు పాయింట్లకోసారి వైపులు మారతారు. గంటన్నర బాగా ఆడిన జోడీ కూడా రెండు వదులు సర్వ్‌లతో అక్కడ మునిగిపోవచ్చు.

చూసేవాళ్లకు తేలిగ్గా దొరకని విషయం ఇంకొకటి చెప్పాలి. డబుల్స్‌లో ఒక సెట్ మొత్తం ఒక ఆటగాడు కోర్టుకు ఒకే కొస నుంచి సర్వ్ చేస్తాడు. లెక్క వేసి చూడండి. మొదటి గేమ్ సర్వ్ చేసినవాడికి మళ్లీ వంతు వచ్చేది అయిదో గేమ్‌లో, తర్వాత తొమ్మిదిలో. వైపులు మారేది ఒకటి, మూడు, అయిదు గేమ్‌ల తర్వాత. అయిదో గేమ్‌కు ఆ జోడీ మొదటి గేమ్ ఆడిన కొసకే చేరి ఉంటుంది, తొమ్మిదికీ అంతే. అతని భాగస్వామి మూడు, ఏడు గేమ్‌లు అవతలి కొస నుంచి సర్వ్ చేస్తాడు. కాబట్టి ఎవరు ముందు సర్వ్ చేయాలన్నది బలాబలాలతోనే తేలదు. ఫిబ్రవరి మధ్యాహ్నం ఎండ ఏ కొసన కళ్లలో పడుతోంది, గాలి ఎటు వీస్తోంది, బంతి పైకి ఎగరేస్తే ఎవరికి సూర్యుడు అడ్డొస్తాడు అన్నవి చూస్తారు. ఎడమచేతి వాటం వాడు ఒకడున్న జోడీకి ఇక్కడ వరమే. కుడిచేతి వాడికి ఎండ కొట్టే కొస నుంచి అతను ఇబ్బంది లేకుండా సర్వ్ చేసుకుంటాడు. సెట్ మారినప్పుడు ఈ వరస మార్చుకునే వీలుంది. రెండో సెట్ మొదట్లో ఎవరు ముందు బంతులు అందుకున్నారో చూస్తే, మొదటి సెట్‌లో వాళ్లకు ఏది నచ్చలేదో తెలిసిపోతుంది.

ఊరి ప్రభావమూ తక్కువ కాదు. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. గాలి కాస్త పలచన, బంతి జోరుగా పోతుంది. సర్వ్‌కు లాభం, లాబ్‌కు కష్టం. చెన్నైలో తలపై నుంచి పోయి గీత మీద పడిన లాబ్ బెంగళూరులో రెండడుగులు బయట పడుతుంది. చెన్నై నుంగంబాక్కంలో తేమకు బంతి ఉబ్బి నెమ్మదిస్తుంది, గ్రిప్ జారుతుంది. ఒక వారం అక్కడ, మరో వారం ఇక్కడ ఆడేవాళ్లు రాకెట్ తీగల బిగువు నుంచి రిటర్న్‌కు నిలబడే చోటు దాకా అన్నీ రెండు రోజుల్లో సర్దుకోవాలి.

2024లో అలా సర్దుకుని వరసగా రెండు వారాల్లో రెండు టైటిళ్లు గెలిచిన జోడీలో ఒకరు మన తెలుగువాడు. సాకేత్ మైనేని ఉయ్యూరులో పుట్టి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి ఆ ఫిబ్రవరిలో చెన్నై గెలిచాడు, తర్వాతి వారం బెంగళూరు గెలిచాడు. అప్పటికి అతనికి 36 ఏళ్లు. 2022లో కూడా ఈ జోడీ బెంగళూరులో విజేత. సాకేత్ పేరు మన పాఠకులకు 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలతో పరిచయం. సానియా మీర్జాతో మిశ్రమ డబుల్స్‌లో స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్‌లో రజతం. 2017లో అర్జున అవార్డు వచ్చింది. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్‌తోనే మరో రజతం. ఆ పతకాల మధ్య కాలమంతా అతను గడిపింది ఎక్కువగా చాలెంజర్ కోర్టుల్లోనే. పతకం వచ్చిన రోజు రాసే మనం, ఆ పతకానికి కావలసిన పనితనం తయారైన వారాల గురించి కూడా రాయాలి.

సాకేత్ అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. ఇది చిన్న విషయం కాదు. అమెరికా కళాశాల టెన్నిస్‌లో జట్టు పోటీ మామూలుగా డబుల్స్‌తో మొదలవుతుంది. మూడు జోడీలు ఆడతాయి, రెండు గెలిచిన జట్టుకు మొదటి పాయింట్. అందువల్ల అక్కడ శిక్షకులు డబుల్స్‌కు విడిగా గంటలు కేటాయిస్తారు. స్టాన్‌ఫోర్డ్‌లో చదివిన బ్రయాన్ సోదరుల నుంచి మెంఫిస్‌లో చదివిన జో సాలిస్‌బరీ దాకా ఎందరో ఆ దారిన వచ్చారు. మన జూనియర్ శిక్షణలో ఇంకా డబుల్స్ అంటే సింగిల్స్ సాధన అయ్యాక మిగిలిన సమయంలో ఆడేదే. ఆ లోటును మన కుర్రాళ్లు చాలెంజర్‌లోకి వచ్చాక, ఓడుతూ పూడ్చుకుంటున్నారు.

అయినా భారత పురుషుల టెన్నిస్ కొన్నేళ్లుగా పెద్ద వేదికల మీద నిలబడుతున్నది ఎక్కువగా డబుల్స్ బలంతోనే. బోపన్న 43 ఏళ్ల వయసులో ప్రపంచ నంబర్‌వన్ కావడం అందరికీ తెలుసు. అతని వెనక వరస కట్టినవాళ్లంతా చాలెంజర్‌లో నలిగి వచ్చినవాళ్లే. యూకీ బాంబ్రీ గాయాలతో సింగిల్స్ చేజారాక సాకేత్‌తో కలిసి 2022లో చాలెంజర్ టైటిళ్ల మీద టైటిళ్లు గెలిచి డబుల్స్ ఆటగాడిగా మళ్లీ మొదలయ్యాడు, మరుసటి ఏడాది మయోర్కాలో ఏటీపీ టైటిల్ అందుకున్నాడు. జీవన్ నెడుంచెళియన్, విజయ్ సుందర్ ప్రశాంత్ 2024లో హాంగ్జౌ ఏటీపీ టోర్నీ గెలిచారు. దీన్ని తక్కువ చేసి, సింగిల్స్‌లో నెగ్గలేక డబుల్స్‌కు వచ్చారని అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. నెట్ దగ్గర అరక్షణంలో తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఏళ్లతరబడి సాధన చేసినవాడిని, వేరే విద్యలో రాణించలేదన్న కొలతతో కొలవకూడదు.

ఆ విద్యకు వచ్చే రాబడి మాత్రం దాని బరువుకు తగినట్టు లేదు. 2025లో బెంగళూరు ఓపెన్ 125 స్థాయికి పెరిగింది, మొత్తం ప్రైజ్‌మనీ రెండు లక్షల డాలర్లు. ఆ స్థాయిలో కూడా డబుల్స్ తొలి రౌండ్‌లో ఓడిన జోడీకి వచ్చేది విమాన ఖర్చుకు సరిపోవడం కష్టం. శిక్షకుడిని వెంట తిప్పుకోగలిగినవాళ్లు కొద్దిమందే. అందుకే జోడీలో ఒకరికొకరు శిక్షకులవుతారు, ప్రత్యర్థి ఆటను గ్యాలరీలో పక్కపక్కన కూర్చుని ఇద్దరే విప్పి చూసుకుంటారు.

చెన్నైలో 2024 ఫైనల్లో సాకేత్-రామ్‌కుమార్ చేతిలో ఓడిన జోడీలోనూ ఒక తెలుగు కుర్రాడున్నాడు. హైదరాబాద్‌కు చెందిన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి, 2001లో పుట్టినవాడు, నికి పూణచ్చతో కలిసి ఆడాడు. ఒకే ఫైనల్లో నెట్‌కు అటూ ఇటూ ఇద్దరు తెలుగువాళ్లు ఉన్న ఆ మ్యాచ్‌కు మన దగ్గర దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. అదే ఏడాది అక్టోబరులో రిత్విక్ కజకిస్థాన్‌లోని ఆల్మటీకి అర్జున్ కాధేతో వెళ్లాడు. అది చాలెంజర్ కాదు, పై మెట్టైన ఏటీపీ టోర్నీ. ఫైనల్లో మొదటి సెట్ పోగొట్టుకున్నారు. రెండోది టైబ్రేక్‌లో దక్కించుకున్నారు. మ్యాచ్ టైబ్రేక్ పది దగ్గర ఆగలేదు, 14-12 దాకా సాగింది, గెలిచారు. ఓడిన జోడీ కొలంబియాకు చెందిన నికోలస్ బారియెంటోస్, ట్యునీషియాకు చెందిన స్కందర్ మన్సూరి.

తర్వాతి మార్చిలో చిలీ రాజధాని శాంటియాగోలో రిత్విక్ రెండో ఏటీపీ టైటిల్ గెలిచినప్పుడు అతని పక్కన ఉన్నది బారియెంటోస్. ఆల్మటీలో ఆఖరి పాయింట్ దాకా నెట్ అవతలి నుంచి ఆ కుర్రాడి రిటర్న్‌లు ఎదుర్కొన్నవాడు, ఆర్నెల్లు తిరక్కుండానే అతనితో జోడీ కట్టాడు.